మర్జ్ మియాది, తోహ్మత్ బీవీది

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ఈ మూడు ఊళ్ళలో ఒకటి ఆ అమ్మాయి మైకా, ఒకటి ఆమె ససురాల్, మిగిలింది నేను ఒక కాగితం చదివిన చోటు. ఏది ఏదో చెప్పను. చెప్తే మన మహల్లాల్లో మగ్రిబ్ అజాన్ లోపల ఇంటి నంబరుతో సహా బయటికొస్తుంది.

ఆ అమ్మాయికి మూడో నెల. హమల్‌తో ఉన్న ప్రతి ఔరత్‌కీ చేసినట్టే సర్కారీ దవాఖానాలో ఆమెకూ రక్తపరీక్ష చేశారు. సిఫిలిస్ అని వచ్చింది. మన ఉర్దూలో ఆత్షక్. నర్సమ్మ పక్కకు పిలిచి ఆమెకు మాత్రమే చెప్పి, "మీ ఆయన్ను వెంటబెట్టుకుని రామ్మా" అంది. భయంతో ఆ పిల్ల సాస్‌కు చెప్పేసింది. ఇషా అయ్యేలోపు ఆమె బట్టలు సంచిలోకెక్కాయి. "యాడ తెచ్చుకుందో దాన్నే అడగండి" అంది సాస్. అబ్బాయి గోడకానుకుని నేల చూస్తా నిలబడ్డాడు.

నాలుగు రోజులకు రెండు వైపుల బుజుర్గులు బైఠక్ పెట్టారు. "పేపరాయన, కాగితాలు తెలిసినోడు" అని నన్నూ పిలిచారు. ఆమె రిపోర్టు నా చేతికిచ్చారు. నేను ఒకటే అడిగాను: "లడ్కే కా ఖూన్ టెస్ట్ కరాయే క్యా?" అందరూ నన్ను బూతు మాట్లాడినవాడిని చూసినట్టు చూశారు. "తౌబా! మర్దోఁ కీ బాత్ నక్కో నికాలో" అన్నాడు ఒక పెద్దాయన.

అబ్బాయి తలెత్తి నన్ను చూశాడు. ఆ గదిలో సంగతి తెలిసింది ఇద్దరికే. వాడికీ, నాకూ.

ఎందుకంటే ఏడాదిన్నర కింద వాడు ఒక ఇంగ్లీషు కాగితం తెచ్చి, "జర చదివిపెట్టు భాయ్" అన్నాడు. గల్ఫ్ మెడికల్ రిపోర్టు. కువైట్, సౌదీ పోయేవాళ్ళకు ఛాతీ ఎక్స్‌రే, హెచ్‌ఐవి, హెపటైటిస్‌తో పాటు సిఫిలిస్‌కూ రక్తం చూస్తారు. వాడి కాగితంలో ఎక్స్‌రే దగ్గర ఏ దోషమూ లేదు. టి.పి.హెచ్.ఎ. దగ్గర 'రియాక్టివ్' అని ఉంది. కింద 'అన్‌ఫిట్' ముద్ర. అర్థం చెప్పాను. ఇలాజ్ చేయించుకోమన్నాను. "హౌ భాయ్" అన్నాడు. ఇంట్లో మాత్రం "ఛాతీలో మచ్చ ఉందంట, అందుకే వీసా పోయింది" అని చెప్పుకున్నాడు. వీసా పోయింది కదా, షాదీ అన్నా చేసేద్దామని మూడు నెలల్లో నికాహ్ చేశారు. వలీమాకు నేను పోయాను. బిర్యానీ తిన్నాను. ఇలాజ్ అయిందా అని అడగలేదు. షరమ్ అడ్డొచ్చింది.

కాబట్టి ఈ వ్యాసం ఎవరి మీద రాసినా మొదటి పేరు నాదే.

"ఛాతీలో మచ్చ" అన్న వాడి అబద్ధం గురించి చాలా ఆలోచించాను. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. 1915లో తలుపులు తెరిచిన టీబీ శానటోరియం. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకాలు మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. మా దాదీమా కాలంలో టీబీ అన్న మాట ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు, "ఆ జబ్బు" అనేవాళ్ళు. దిక్ ఉన్న ఇంటికి పిల్లనిచ్చేవాళ్ళు కాదు. వందేళ్ళు గడిచేసరికి అదే ఛాతీ మచ్చ ఇంకో జబ్బును దాచుకునే దుప్పటి అయింది. అంటే షరమ్ కూడా మారుతుంది, మార్చుకుంటే. మందు దొరికి, డాక్టర్లు మాట్లాడి, ఇళ్ళల్లో మాట బయటపడ్డాక టీబీ మీద షరమ్ తగ్గింది. ఆత్షక్‌కూ, సూజాక్‌కూ మందు దొరికి ఎనభై ఏళ్ళు దాటింది. మాట ఒక్కటే ఇంకా బయటపడలేదు.

నేను ఉర్దూ మీడియం స్కూల్లో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. రెండు భాషల మాటలూ పక్కపక్కన పెట్టి చూసే అలవాటుంది. గనేరియాను ఉర్దూలో సూజాక్ అంటారు. అందులో సోజ్ ఉంది, మంట అని. సిఫిలిస్‌ను ఆత్షక్ అంటారు. అందులో ఆతిష్ ఉంది, నిప్పు అని. తెలుగులో పెద్దవాళ్ళు గనేరియాను సెగ అనేవాళ్ళు. అదీ నిప్పే. మూడు మాటల్లోనూ నిప్పు పెట్టి పూర్వీకులు సాఫ్‌గా చెప్పారు. నిప్పును ఒళ్ళో దాచుకుంటే ఆరదు, పక్కనున్న వాళ్ళకు అంటుకుంటుంది.

ఇంకో సంగతి. ఈ ఆత్షక్ యూరప్‌లో మొదట విజృంభించినప్పుడు ఇటలీవాళ్ళు దాన్ని ఫ్రెంచి జబ్బన్నారు, ఫ్రాన్స్‌వాళ్ళు నేపుల్స్ జబ్బన్నారు. తుర్కులు ఫ్రెంగీ అన్నారు. మన దేశపు వైద్యులు ఫిరంగ రోగం అన్నారు. ప్రతి ఖౌమ్ వేలు పక్క ఖౌమ్ వైపే చూపించింది. ఐదు వందల ఏళ్ళ తర్వాత మన బైఠక్‌లో అదే వేలు బహు వైపు తిరిగింది.

జబ్బు గురించి ముందు మగవాళ్ళకు సీదాగా చెప్తాను. ఎందుకంటే మొదటి నిషానీ ఎక్కువగా కనపడేది మగవాళ్ళకే.

గనేరియా సోకితే సాధారణంగా వారం లోపల పేషాబ్‌లో మంట మొదలవుతుంది. పచ్చగానో తెల్లగానో పీప్, అంటే చీము కారుతుంది. క్లామిడియా ఇంకా నెమ్మది. ఒకటి నుంచి మూడు వారాలకు కొంచెం నీళ్ళలాంటి స్రావం, కొంచెం చురుకు. చాలామందికి అదీ ఉండదు, జబ్బున్నట్టే తెలియదు. వదిలేస్తే రెండూ వృషణాల దాకా పాకి వాపు, నొప్పి తెస్తాయి. మూత్రనాళం సన్నబడొచ్చు, ఔలాద్ కలగడం కష్టం కావొచ్చు. బీవీకి అంటితే ఆమెకు చాలాసార్లు ఏ లక్షణమూ ఉండదు. కానీ లోపల గర్భనాళాలు మచ్చలు కట్టి మూసుకుపోతాయి. ఐదేళ్ళ తర్వాత "బాంజ్" అని పేరు ఆమెకొస్తుంది, రెండో నికాహ్ మాట మియాకొస్తుంది. ఆమెకు స్కానింగులు, తావీజులు, దర్గాల చుట్టూ తిరగడాలు అన్నీ అవుతాయి. మియా నుత్ఫా ఒక్కసారి ల్యాబ్‌లో చూపించమంటే "హమారే ఖాందాన్ మే ఐసా నై" అంటారు.

ఆత్షక్ దారి వేరు. అది మోసగాడు. సోకిన సుమారు మూడు వారాలకు ఒక పుండు లేస్తుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు. మూడు నుంచి ఆరు వారాల్లో మందు వేసినా వేయకపోయినా దానంతట అదే మానిపోతుంది. ఇక్కడే సగం మంది మోసపోతారు. ఆ నెల రోజుల్లో ఏ పొడి తిన్నా, ఏ ఆకు పూసినా, పుండు మానిన పేరు ఆ పొడికొస్తుంది. కొన్ని వారాల తర్వాత ఒళ్ళంతా దద్దురు లేస్తుంది, అరచేతుల్లో, అరికాళ్ళలో కూడా. జ్వరం, జుట్టు ఊడటం. అదీ పోతుంది. తర్వాత ఏళ్ళ తరబడి సద్దుండదు. రక్తపరీక్షలో తప్ప ఎక్కడా దొరకదు. అలా వదిలేసిన వాళ్ళలో కొందరికి పది, ఇరవై ఏళ్ళ తర్వాత గుండె, మెదడు, నరాల మీద పడుతుంది. హమల్‌లో ఉన్న బీవీకి ఉంటే గర్భం పోవచ్చు, బిడ్డ చనిపోయి పుట్టొచ్చు, బతికినా జబ్బుతో పుట్టొచ్చు.

ఇది ఎక్కడో దూరదేశం సంగతి అనుకోకండి. 2020లో ప్రపంచంలో గనేరియా, క్లామిడియా, సిఫిలిస్, ట్రైకోమోనియాసిస్ అనే నయమయ్యే నాలుగు సుఖవ్యాధులు కలిపి 37.4 కోట్ల కొత్త కేసులని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంటే రోజుకు పది లక్షలు. 2022లో 11 లక్షల మంది గర్భిణులకు సిఫిలిస్ ఉందని, దాని వల్ల 3.9 లక్షలకు పైగా కాన్పులు చెడ్డాయని అదే సంస్థ చెప్పింది. ఆ కడుపుల్లోని బిడ్డలు ఏ గునాహ్ చేశారు?

ఇలాజ్ ఏమిటంటే, వినండి, ఇంత రాద్ధాంతానికి ఎంత చిన్న జవాబో. సిఫిలిస్ తొలి దశకు బెంజథిన్ పెన్సిలిన్ ఇంజక్షన్, 24 లక్షల యూనిట్లు, ఒకే ఒక్కసారి. జబ్బు పాతదైతే, లేదా ఎప్పటిదో తెలియకపోతే, వారానికొకటి చొప్పున మూడు. 1943లో పెన్సిలిన్‌తో సిఫిలిస్ నయం చేశారు, ఈ రోజుకీ మొదటి మందు అదే. గర్భిణులకు, కడుపులో బిడ్డకు కూడా నమ్మకమైన మందు అదే. గనేరియా, క్లామిడియాకు నోటి మాత్రలో, ఒక ఇంజక్షనో, చాలాసార్లు ఒక్కరోజు మందుతోనే సరి.

దీనికి దేశంలో ఉచిత ఏర్పాటుంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కింద జిల్లా ఆసుపత్రుల్లో, మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో, చాలా ఏరియా ఆసుపత్రుల్లో 'సురక్ష క్లినిక్' అని నడుస్తుంది. అక్కడ మందుల కిట్లకు రంగులుంటాయి. చీము కారే మగవాళ్ళకు బూడిద రంగు కిట్: అజిత్రోమైసిన్ ఒక గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు. పుండుకు తెల్ల కిట్: పెన్సిలిన్ ఇంజక్షన్, అజిత్రోమైసిన్. గజ్జల్లో గడ్డకు నల్ల కిట్: 21 రోజుల డాక్సీసైక్లిన్‌తో. లక్షణాలు చూసి అదే రోజు మందు ఇచ్చేస్తారు, ల్యాబ్ రిపోర్టు కోసం వారాలు తిప్పరు. ఎక్కడుందో తెలియకపోతే 1097కు ఫోన్ చేయొచ్చు, పైసా ఖర్చుండదు.

ఈ పేర్లు రాసింది మెడికల్ షాపుకు పోయి కొనుక్కోవడానికి కాదు భాయ్. మన దగ్గర అసలు రోగమే అది. కౌంటర్ దగ్గర గొంతు తగ్గించి "పేషాబ్‌లో మంట" అంటాడు. ఆయన సిప్రోఫ్లాక్సాసిన్ రెండు మాత్రలు చుట్టి ఇస్తాడు. గనేరియా పురుగు పెన్సిలిన్‌ను ఓడించి ఏళ్ళయింది, సిప్రోను కూడా ఓడించింది. ఈ రోజు డాక్టర్లకు గట్టిగా మిగిలింది సెఫ్‌ట్రియాక్సోన్ లాంటి కొద్ది మందులే. సగం కోర్సు మింగిన ప్రతివాడూ ఆ పురుగుకు ఉస్తాద్ అయి కొత్త దావ్ నేర్పిస్తున్నాడు.

ఇక గోడల మీది హకీంల సంగతి. నేను చిన్నప్పుడు ఉర్దూ కూడబలుక్కుంటూ చదివిన మొదటి గోడరాతల్లో "పోషీదా అమ్రాజ్", "మర్దానా కమ్‌జోరీ", "జిర్యాన్" ఉన్నాయి. అర్థం అడిగితే అబ్బా చెంప మీద ఒకటి ఇచ్చారు. ఇప్పుడు తెలుగులో అవే: "గుప్త రోగాలు, నరాల బలహీనత, గ్యారంటీ." బస్టాండ్ పాయిఖానా తలుపు మీద స్టిక్కర్, ఫలానా లాడ్జి, ఫలానా రూము, నెలకోసారి దర్శనం. మా అబ్బాయి పోయింది అలాంటి రూముకే. నలభై రోజుల పొడి ఇచ్చారంట. పుండు అప్పటికే మానిపోయింది కాబట్టి వాడు ఖాయంగా షిఫా అయిందనుకున్నాడు. ఆ నమ్మకంతోనే నికాహ్‌కు కూర్చున్నాడు.

మక్తబ్‌లో పన్నెండేళ్ళకే మౌలానా సాబ్ మాకు మనీ, మజీ, వదీ అని మూడు రకాల స్రావాల ఫరఖ్ చెప్పారు. దేనికి గుస్ల్ వాజిబ్, దేనికి వుజూ చాలు అని. నవ్వినవాడికి బెత్తం పడింది. అంత సాఫ్‌గా మాట్లాడే దీన్ మనది. చీము నాలుగోది. అది మర్జ్. వీర్యం కాదు. కానీ లాడ్జి హకీం ఈ నాలుగింటినీ కలిపేసి "ధాతువు పోతోంది" అంటాడు. ఏ జబ్బూ లేని కుర్రవాడికి జబ్బు అమ్ముతాడు. నిజంగా జబ్బున్నవాడికి మందు తప్ప అన్నీ అమ్ముతాడు.

ఇది చట్టరీత్యా నేరం. 1954లో పార్లమెంటు డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం చేసింది. సుఖవ్యాధులు నయం చేస్తామని ప్రజలకు ప్రకటన ఇవ్వడమే జుర్మ్. షెడ్యూల్‌లో సిఫిలిస్, గనేరియా అని పేర్లు పెట్టి రాసి ఉంది. మొదటిసారి రుజువైతే ఆరు నెలల దాకా ఖైద్, లేదా జుర్మానా, లేదా రెండూ. ఈ ఖానూన్ మీద సుప్రీంకోర్టుకెక్కిన వాళ్ళలో మన రూహ్ అఫ్జా వాళ్ళు, హమ్‌దర్ద్ దవాఖానా కూడా ఉన్నారు. 1959లో కోర్టు కొన్ని భాగాలు కొట్టేసింది కానీ, ఇలాంటి ప్రకటనలను వాక్‌స్వాతంత్ర్యం కాపాడదని తేల్చి చట్టాన్ని నిలబెట్టింది. అరవై ఏళ్ళు దాటింది, స్టిక్కర్ స్టిక్కర్ చోటే ఉంది. నేను పనిచేసిన పత్రికల చిన్న ప్రకటనల్లో కూడా అవి వచ్చేవి. వాటి పైసల్లోంచే నా జీతమూ వచ్చింది. అది కూడా ఒప్పుకుంటున్నాను.

నేను యునానీని తిట్టడం లేదు. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ మెడికల్ కాలేజీ ఉంది, హైదరాబాద్‌లో నిజామియా తిబ్బీ కాలేజీ ఉంది. అక్కడ చదివి రిజిస్టరైన తబీబ్ వేరు, గోడ మీద నంబరు రాసుకున్నవాడు వేరు. చదివిన తబీబ్ దగ్గరికి చీముతో పోతే ఆయనే పరీక్షకు పంపిస్తాడు. గ్యారంటీ అన్న మాట మాత్రం ఆయన నోట రాదు.

ఇప్పుడు నాకు వచ్చే ఎతిరాజ్‌లకు జవాబు చెప్పాలి.

మొదటిది: "మనకు ఖత్నా ఉంది, ఇవి మనకు రావు." ఈ మాట చదువుకున్నవాళ్ళ నోట కూడా విన్నాను. దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాల్లో పెద్ద పరిశోధనలు జరిగాయి, 2005 నుంచి 2007 లోపు ఫలితాలొచ్చాయి. ఖత్నా వల్ల స్త్రీ నుంచి పురుషుడికి హెచ్‌ఐవి సోకే ముప్పు దాదాపు 60 శాతం తగ్గింది. తగ్గింది, పోలేదు. గనేరియా, క్లామిడియాల నుంచి అలాంటి రక్షణ కనపడలేదు. ఖత్నా సున్నత్. కవచం అనుకుని ధైర్యం చేయడం జహాలత్.

రెండోది: "ఇలాంటివి రాస్తే బేహయాయీ పెరుగుతుంది." మన ఇళ్ళల్లో కూతురి జహేజ్‌లో పెట్టే బహిష్తీ జేవర్ తీసి చూడండి. హైజ్, నిఫాస్, గుస్ల్ మసాయిల్ అన్నీ విడమరిచి ఉంటాయి. అన్సార్ ఔరతులు దీన్ మసాయిల్ అడగడానికి హయాను అడ్డు రానివ్వలేదని హజ్రత్ ఆయిషా వాళ్ళను మెచ్చుకున్న సంగతి మన ఆలిములే చెప్తారు. మదీనా ఔరతులకు లేని అడ్డు మదనపల్లె మర్దులకు ఎక్కణ్ణించి వచ్చింది?

మూడోది: "తప్పు చేసినవాడు అనుభవించనీ." వాడొక్కడే అనుభవిస్తే నేను ఈ కాగితం ఖరాబ్ చేసేవాణ్ణి కాదు. తప్పు చేసినవాడి పుండు నెలలో మానింది. ఇంట్లోంచి సంచితో బయటికి నడిచింది ఎవరు?

నాలుగోది అన్నిటికన్నా బరువైనది. ఒక ఇమాం సాబ్ నాతో నెమ్మదిగా అన్నారు: "బేటా, గునాహ్‌ను అల్లాహ్ పర్దాలో ఉంచితే బందా దాన్ని చాటుకోకూడదు కదా." నిజమే. నేనూ ఒప్పుకుంటాను. ఎక్కడ పోయావు, ఎవరితో పోయావు అన్నది అల్లాహ్‌కూ బందాకూ మధ్య సంగతి. డాక్టర్ కూడా దాని మీద ఫత్వా ఇవ్వడు, మందు ఇస్తాడు. గునాహ్ మీద పర్దా ఉండనీ. మర్జ్ మీద పర్దా వేయకు. గునాహ్‌కు తౌబా ముసల్లా మీద అవుతుంది. బీవీకి అంటించిన మర్జ్ హుఖూఖుల్ ఇబాద్. బందా హఖ్ బందాకే చెల్లించాలి. రాత్రంతా సజ్దాలో ఏడ్చినా ఆమె రక్తంలోని పురుగు చావదు. ఆమెను దవాఖానాకు తీసుకుపోయి ఇంజక్షన్ వేయించడమే ఆ తౌబాలో మిగిలిన సగం.

ఇంకా ఒక మాట. పాక్‌దామన్ ఔరత్ మీద నలుగురు గవాహ్‌లు లేకుండా వేలెత్తడాన్ని మన షరీఅత్ ఎంత పెద్ద గునాహ్‌గా చూస్తుందో బైఠక్‌లో కూర్చున్న ప్రతి బుజుర్గ్‌కూ తెలుసు. ఒక్క ల్యాబ్ కాగితాన్ని నలుగురు గవాహ్‌ల చోట కూర్చోబెట్టారు. ఆ కాగితం చెప్పేది ఏమిటో కూడా వినండి. వి.డి.ఆర్.ఎల్. పరీక్ష ఒక్కోసారి హమల్ వల్లో, వేరే జబ్బు వల్లో ఉత్తుత్తిగానే పాజిటివ్ వస్తుంది. అందుకే రెండో పరీక్షతో తస్దీఖ్ చేసుకోవాలి. నిజంగా ఉన్నా, ఎప్పుడు సోకిందో, ఎవరి నుంచి ఎవరికి పోయిందో అది చెప్పదు. నికాహ్‌కు ముందు ఏళ్ళ నాటిదైనా కావొచ్చు. ఆ కాగితంతో ఇలాజ్ మొదలుపెట్టొచ్చు. తలాఖ్ మొదలుపెట్టకూడదు.

మర్దులకు నేను అడిగేది పెద్దదేమీ కాదు. మంట, చీము, పుండు, గజ్జల్లో గడ్డ, వృషణాల్లో నొప్పి కనపడితే ఆ వారంలోనే డాక్టర్ దగ్గరికి పోండి. సిఫిలిస్, హెచ్‌ఐవి పరీక్షలు రెండూ అడిగి చేయించుకోండి. మందు పూర్తిగా వాడండి. ఇంజక్షన్ వేసిన రోజు చలి, జ్వరం వస్తే, పురుగులు చచ్చేటప్పుడు అలా కావొచ్చు, ఒకరోజులో తగ్గుతుంది, భయపడి మానొద్దు. ఆయాసమో, ఒళ్ళంతా దద్దుర్లో వస్తే మాత్రం అది వేరే సంగతి, వెంటనే డాక్టర్‌ను పిలవండి. బీవీకి అదే రోజుల్లో ఇలాజ్ చేయించండి. ఇద్దరి మందూ అయ్యాక కనీసం వారం దూరంగా ఉండండి, పుండు ఉంటే అది మానేదాకా. ఒకరే మందు మింగితే జబ్బు ఆ ఇంట్లోనే అటూ ఇటూ తిరుగుతుంది. లారీ తోలే భాయీలు, టమోటా లోడు మీద చెన్నై, ఢిల్లీ తిరిగేవాళ్ళు, కుప్పం నుంచి రైలెక్కి బెంగుళూరులో వారాల తరబడి ఉండిపోయేవాళ్ళు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ళు, అన్‌ఫిట్ కాగితాన్ని బీరువాలో దాచినవాళ్ళు: ఆ కాగితం తీసి డాక్టర్‌కు చూపించండి.

మస్జిద్ కమిటీలకు ఒకటే దర్ఖాస్త్. నికాహ్ రిజిస్టర్‌లో మెహర్ రాసే ముందు అబ్బాయికీ అమ్మాయికీ ఇద్దరికీ రక్తపరీక్ష అయిందా అని ఒక్క మాట అడగండి. కాగితం చూపించమనొద్దు, చదవొద్దు. అడగండి, చాలు. ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే వాడు ఇంజక్షన్ వేయించుకుని వలీమాకు కూర్చునేవాడు.

ఆ రోజు బైఠక్‌లోంచి నేను అబ్బాయిని చెయ్యి పట్టి బయటికి తీసుకుపోయాను. మర్నాడు దవాఖానాకు కూడా నేనే తోడు పోయాను. రియాక్టివ్. వాడికి మూడు ఇంజక్షన్లు, ఆ పిల్లకు మూడు. ఆమెకు ప్రతి వారం వాళ్ళ అమ్మీ తోడు. సమయానికి పడ్డాయి, కడుపులో బిడ్డకు ఖతరా తప్పినట్టే అన్నారు డాక్టరమ్మ. అల్‌హందులిల్లాహ్. పుట్టాక బిడ్డకూ ఒకసారి పరీక్ష చేయాలి అన్నారు.

కానీ ఆ పిల్ల ఇంకా మైకాలోనే ఉంది. ససురాల్ నుంచి కబురు పోయింది, "అయిందేదో అయింది, వచ్చెయ్" అని. ఆమె రానంది. మెహర్ అడగలేదు, ఖులా అడగలేదు. ఒకటే అడిగింది: "నన్ను ఏ గదిలో ఆ మాట అన్నారో, ఆ గదిలో, ఆ మనుషుల ముందే, అది నాది కాదని ఆయన నోటితో చెప్పాలి." వాళ్ళది తీరని కోరికలా మాట్లాడుతున్నారు. నాకైతే దానికంటే సస్తా మెహర్ కనపడదు.

బుజుర్గులారా, బైఠక్ మళ్ళీ పెట్టండి. అదే గది, అవే చాపలు. వాడు నోరు విప్పితే, వాడి పక్కన నిలబడి నా మాట నేనూ చెప్తాను: ఏడాదిన్నర కింద కాగితం చదివింది నేను, మళ్ళీ అడగనిది కూడా నేనేనని.